బొమ్మల పుస్తకము వెండితెర కెక్కిన విధము

బరంపురములోని మన యిండ్లలో సాయంకాలమున తరచుగా కానవచ్చు దృశ్యమొకటి కలదు. పిల్లవాడు బడి నుండి వచ్చి, కాళ్లు చేతులు కడుగుకొని, పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండును. పుస్తకము ప్రక్కన సెల్ ఫోను ఉండును. తల్లి దేవుని యెదుట దీపము పెట్టి వచ్చునప్పటికి పుస్తకములో పుట తిరుగలేదు. ఫోనులో మాత్రము ఒక చిత్రము నడుచుచున్నది. చిత్రమంతయు నలుపు, తెలుపు. ఎత్తైన మేడ, దాని వసారాలో ఒక స్త్రీ. ఆమె కట్టిన వస్త్ర మొక్కటే నెత్తురువలె ఎర్రనిది. "ఏమిరా అది?" అని తల్లి అడుగును. "బొమ్మల పుస్తకమును సినిమాగా తీసినారమ్మా" అని కుమారుడు చెప్పును. బొమ్మల పుస్తకమన్న మాట వినగానే ఆమె మనసు కుదుటపడును, వంటయింటిలోనికి పోవును.

ఆ కుదుటపాటు సరియైనదేనా? ఈ వ్యాసమున నేను విచారింపదలచినది ఈ చిన్న ప్రశ్ననే. ఆ బాలుడు చూచుచున్న చిత్రము పేరు "సిన్ సిటీ". పాపనగరమని దాని యర్థము. అది 2005 లో అమెరికాలో విడుదలయైన నేరకథా చిత్రము. దానిని చూడవద్దని ఒక్క మాటలో చెప్పి ఊరకుండవచ్చును. కాని కారణము తెలియని నిషేధము పిల్లవానిని చాటునకు త్రోయునే కాని మార్చదు. కావున అట్టి చిత్రమెట్లు పుట్టినదో, దాని సొగసెక్కడ నున్నదో, అపాయమెక్కడ నున్నదో ముందుగా మనము తెలిసికొనుట మేలు.

బొమ్మల కథ యనగానే బాలల కథ యని మన మనుకొనుటకు తగిన కారణమే కలదు. మనకు బొమ్మలతో కథ చెప్పినది "చందమామ". 1947 జూలైలో మదరాసున తెలుగు, తమిళ భాషలలో ప్రారంభమైన ఆ మాసపత్రిక తరువాత అనేక భాషలలో వెలువడెను. ఒడియాలో దాని పేరు "జహ్నమామూ". మన యింట తెలుగు ప్రతి, పొరుగింట ఒడియా ప్రతి. బొమ్మ మాత్రము రెండింట నొక్కటియే. భాషలు వేరైన యిద్దరు పిల్లలు ఒకే విక్రమార్కుని, ఒకే బేతాళుని చూచి పెరిగిరి. ఆ పత్రిక ముఖచిత్రములను వ్రాసినవారిలో ప్రసిద్ధులగు వడ్డాది పాపయ్యగారు మనకు పొరుగుననున్న శ్రీకాకుళమున 1921 లో జన్మించినవారే. పిమ్మట 1967 లో "అమర చిత్రకథ" వచ్చినది. పురాణ పురుషులు చదరపు గడులలో నిలిచి, నోటి యొద్ద బుడగలలో మాటలాడ నారంభించిరి. 2010 తరువాతి యేండ్లలో చందమామ ఆగిపోయినను, దాని మూలమున మనలో స్థిరపడిన నమ్మకము పోలేదు. బొమ్మలున్నచో పిల్లలకు హాని లేదని నేటికిని తలంచుచున్నాము.

అయితే ఈ లోపల పాశ్చాత్య దేశములలో బొమ్మల కథ వయసు పెరిగినది. 1978 లో విల్ ఐస్నర్ అను అమెరికా చిత్రకారుడు న్యూయార్కు నగరమందలి పేద కుటుంబముల దుఃఖమును బొమ్మలలో చెప్పి, దానిని గ్రాఫిక్ నవల యని పిలిచెను. ఆ పేరు అంతకు ముందే పుట్టినను, లోకమున వ్యాపించినది అప్పటి నుండియే. ఆర్ట్ స్పీగెల్మన్ అను మరియొక చిత్రకారుడు హిట్లరు నిర్బంధ శిబిరముల నుండి తన తండ్రి ప్రాణములతో బయటపడిన వృత్తాంతమును, యూదులను ఎలుకలుగను, జర్మనులను పిల్లులుగను చిత్రించి, "మౌస్" అను గ్రంథముగా వెలువరించెను. దానికి 1992 లో పులిట్జరు బహుమాన మొసగబడెను. కావున గ్రాఫిక్ నవల యనగా బొమ్మలున్న బాలసాహిత్యము కాదు. పెద్దల కొరకు బొమ్మలలో వ్రాయబడిన నవల. ఈ భేదము తెలియకపోవుటయే ఆ తల్లి పొరపాటునకు మూలము.

ఫ్రాంక్ మిల్లరు అను చిత్రకారుడు 1991 లో ప్రారంభించిన బొమ్మల కథల వరుస పేరు "సిన్ సిటీ". కథ జరుగు పట్టణము పేరు బేసిన్ సిటీ. అందు తొలి యక్షరము రాలిపోగా పాపనగరము మిగిలినది. ఆ ఊర చట్టము అధికారుల జేబులో నుండును. సెనేటరు కుమారుడు ఎంతటి ఘోరము చేసినను అడుగువాడుండడు. మిల్లరు ఈ కథను గీసిన పద్ధతి గమనింపదగినది. ఆయన సన్నని గీతలతో ఆకారము దిద్దడు. పుటయంతయు నల్లసిరా పులిమినట్లుండును. అందు వెలుగు పడిన చోటు మాత్రము తెల్లగా మిగులును. నలుపునకు తెలుపునకు నడుమ బూడిదవన్నె లేదు. వాన తెల్లని చారలు. మనిషి నల్లని నీడ. 1940 ప్రాంతపు అమెరికా నేరచిత్రములలో దీపముల నీడలతో భయము పుట్టించు సంప్రదాయ మొకటి యుండెను. ఫ్రెంచి విమర్శకులు 1946 లో దానికి "ఫిల్మ్ నోయిర్", అనగా నల్లని చిత్రము, అని పేరిడిరి. మిల్లరు ఆ నీడలను సినిమా నుండి కాగితము మీదికి తెచ్చెను. ఇంకను గాఢము చేసెను.

ఆ కాగితమును మరల తెర మీదికి తెచ్చినవాడు రాబర్ట్ రోడ్రిగెజ్. ఆయనకు టెక్సాస్ రాష్ట్రమందలి ఆస్టిన్ నగరమున సొంత స్టూడియో కలదు. తన పుస్తకము సినిమావారి చేతిలో రూపు మారిపోవునని మిల్లరు సందేహించుచుండగా, రోడ్రిగెజ్ ముందుగా ఒక చిన్న ఘట్టమును తీసి చూపి ఆయనను ఒప్పించెను. పుస్తకమును సినిమాకు తగినట్లు మార్చుట ఆయన కోరిక కాదు. సినిమానే పుస్తకమువలె మలచుట ఆయన సంకల్పము. అందుచేత మిల్లరును తనతో సమానముగా దర్శకునిగా ప్రకటించెను. ఒక చిత్రమునకు అట్లు ఇద్దరు దర్శకుల పేర్లు వేయుటకు అమెరికా దర్శకుల సంఘపు నియమము ఒప్పుకొనలేదు. రోడ్రిగెజ్ మిల్లరు పేరు తీసివేయలేదు. సంఘమునకే రాజీనామా ఇచ్చెను. బొమ్మ గీసినవానికి దక్కవలసిన గౌరవము కొరకు ఆయన చేసిన ఈ పని మెచ్చదగినదే.

చిత్రము తీసిన విధము విచిత్రమైనది. నటీనటులు ఆకుపచ్చని తెర యెదుట నిలిచి నటించిరి. అక్కడ వీథి లేదు, వాన లేదు, మేడలు లేవు. అవి యన్నియు తరువాత కంప్యూటరుతో, పుస్తకములోని బొమ్మల ననుసరించి చేర్పబడినవి. తెర మీద కలియబడి పోరాడు మికీ రూర్క్, ఎలైజా వుడ్ అను నటులు ఆ ఘట్టముల చిత్రీకరణలో ఒకరి నొకరు కలిసికొననే లేదు. ఎవరి భాగము వారు వేరు వేరు దినములలో నటింపగా, రెండును తరువాత జతపరుపబడెను. పిమ్మట రంగులు తీసివేసి నలుపు తెలుపులు నిలిపి, కావలసినచోట ఒక్కొక్క రంగును మరల వేసిరి. ఒకచోట ఎర్రని వస్త్రము, ఒకచోట బంగారు వన్నె జుట్టు, ఒక దుర్మార్గుని దేహమంతట పసుపు. నెత్తురు కొన్ని చోట్ల ఎర్రగా గాక తెల్లగా కనబడును. కాగితము మీద సిరా లేని చోటువలె. ఈ పనితనమునకు 2005 కాన్ చలనచిత్రోత్సవమున సాంకేతిక బహుమానము లభించెను.

ఇంతవరకు చెప్పినది విని, ఇది యేదో విదేశీయుల వింత యని మనము తలంపరాదు. నీడతో కథ చెప్పుట మనకు క్రొత్త కాదు. ఒడిశాలో అంగుల్ ప్రాంతమున "రావణఛాయ" యను బొమ్మలాట కలదు. అందలి బొమ్మలు జింకచర్మముతో చేసినవి. వానికి రంగు వేయరు. దీపము వెలుగున తెల్లని గుడ్డపై నల్లని నీడ మాత్రము పడును. రామాయణమంతయు ఆ నీడలతోనే నడచును. తెలుగు నాట తోలుబొమ్మలాటయో, చర్మమును వెలుగు చొచ్చునంత పలుచగా గీకి, ఎరుపు, ఆకుపచ్చ మున్నగు రంగులు వేసినది. తెర మీద పడు నీడ కూడ రంగుల నీడయే. ఒకటి నలుపు, ఒకటి రంగు. ఈ రెండు సంప్రదాయముల నడుమ గంజాం సీమలో నివసించు మనకు, నలుపు తెలుపుల నడుమ ఒక్క రంగు వేసినచో కన్ను దాని వెంటనే పోవునని వేరుగ చెప్పనక్కర లేదు.

హింసను శైలిగా మార్చి చూపుట కూడ మనకు క్రొత్త కాదు. గంజాం జిల్లాలో "ప్రహ్లాద నాటకము" రాత్రి తెల్లవార్లు ఆడుదురు. హిరణ్యకశిపుడు మెట్లు కట్టిన వేదికపై గర్జించుచు ఎక్కి దిగుచుండును. నృసింహుని మొగము తొడిగిన నటుడు వెలువడునప్పుడు పెద్దలు సైతము ఉలికిపడుదురు. మన బరంపురపు ఠాకురాణి జాతరలో పులివేషమును చూచి పసివాడు తల్లి కొంగు పట్టుకొనును, మరునిమిషమున నవ్వును. అది నిజమైన పులి కాదని, రంగు పూసికొన్న మనిషి యని వాడెరుగును. రంగు, మొగము, తాళము, అడుగు అను ఇవి భయమునకు పిల్లవానికి నడుమ ఒక తెరను కట్టును. దానినే శైలి యందురు. శైలి స్వయముగా దోషము కాదు.

మరి దోషమెక్కడ? శైలి రెండు పనులు చేయగలదు. భయంకరమైన విషయమును చూచి ఆలోచించుటకు తగినంత దూరమును కల్పింపగలదు. లేదా ఆ విషయమును చూచుట కింపుగా చేసి, ఆలోచననే మాన్పింపగలదు. ప్రహ్లాద నాటకమున హిరణ్యకశిపుని చావు ఒక్కసారియే వచ్చును. దానికి ముందు రాత్రియంతయు గర్వము, భక్తి, తండ్రి కోపము, తల్లి వేదన అను వానిని గూర్చిన సంవాదము నడచును. చావు కథకు ఫలము, వేడుక కాదు. పైగా పిల్లవాడు దానిని ఒంటరిగా చూడడు. తాత ఒడిలో, తల్లి ప్రక్కన, ఊరందరి నడుమ కూర్చుండి చూచును. అడుగదలచినది అక్కడనే అడుగును.

"సిన్ సిటీ"లోనో, నెత్తురు తెల్లగా మారినందున నొప్పి కనబడదు. కొట్టుట, కోయుట, హింసించుట మాటిమాటికి వచ్చును; ప్రతిసారియు అది అందమైన బొమ్మయగును. దుర్మార్గుని హింసించువాడు కథానాయకుడు. కావున వాని క్రౌర్యము చూపరికి న్యాయముగా తోచును. స్త్రీలు తరచుగా కంటి కింపగు వస్తువులుగా చూపబడుదురు. ఈ చిత్రములో మంచి లేకపోలేదు. హార్టిగన్ అను ముసలి పోలీసు ఒకడు కలడు. సెనేటరు కుమారుని చేతి నుండి పదునొకండేండ్ల బాలికను కాపాడినందుకు వానిపైననే నింద మోపి, యెనిమిదేండ్లు చెరలో నుంతురు. నిజము పలికినవాడు ఒంటరి యగుట యను ఆ దుఃఖము నిజమైనదే. కాని ఆ చిత్రము దానికి చెప్పు సమాధానము తుపాకి యొక్కటియే. చట్టము కుళ్లినది, ఊరు కుళ్లినది, కావున బలవంతుడైన మంచివాడు చంపవలెను అని. పెద్దవాడు దీనిని కథగా చూచి విడిచిపెట్టగలడు. పండ్రెండేండ్ల బాలునకు అది లోకమును గూర్చిన పాఠముగా మిగులు ప్రమాదము కలదు.

అయినచో బొమ్మలు గీయువాని చేతిలో నేరకథ యింతకంటె వేరుగా నడువదా? నడచును. తెలుగులో అట్టి దృష్టాంతము 1967 నాటికే కలదు. బాపు అను పేర ప్రసిద్ధులైన సత్తిరాజు లక్ష్మీనారాయణగారు 1933 లో నరసాపురమున జన్మించిరి. ఆయన న్యాయశాస్త్రము చదివినను వృత్తిగా చేపట్టినది కుంచె. ముళ్లపూడి వెంకటరమణగారి "బుడుగు"నకు మొగము నిచ్చినది ఆయన గీతయే. ఆ యిద్దరు మిత్రులు కలిసి మొదట తీసిన చిత్రము "సాక్షి". రమణగారి కథయే దానికి మూలము. బాపుగారు తాను తీయబోవు దృశ్యములను ముందుగా బొమ్మలుగా గీసికొను దర్శకులు; అనగా ఆయన చిత్రములకు కెమెరా కంటె ముందు కాగితము మీదనే రూపు వచ్చుచుండెను. రోడ్రిగెజ్ మిల్లరు పుటలను ముందు పెట్టుకొన్నట్లే, ఈయన తన పుటలను తానే ముందు పెట్టుకొనెను.

"సాక్షి" కూడ నలుపు తెలుపుల నేరకథయే. కాని బాపుగారు ఆకుపచ్చ తెర నడుగలేదు. ఆ కాలమున అది వారికి లేదు కూడ. గోదావరి యొడ్డున పులిదిండి యను గ్రామమునకు పోయి, ఆ యేటిని, ఆ యిండ్లనే చిత్రించిరి. కృష్ణ, విజయనిర్మల నాయికానాయకులు. కథ సరళమైనది. కిష్టయ్య యను అమాయకుడు ఏటి మీద జనులను దాటించి బ్రతుకువాడు. ఫకీరు అను రౌడీ ఒక హత్య చేయగా కిష్టయ్య కంట పడును. న్యాయస్థానమున నిజము చెప్పును. ఊరు వానిని మెచ్చుకొనును. ఫకీరు చెరసాలకు పోవును. తరువాత ఫకీరు చెర నుండి తప్పించుకొని, సాక్ష్యము చెప్పినవానిని చంపుటకు వచ్చుచున్నాడను వార్త పుట్టును. నిన్న మెచ్చుకొన్న ఊరు నేడు తలుపులు మూసికొనును. కిష్టయ్య ఒక్కొక్క గడపకు పోయి సాయ మడుగును. ఒక్కొక్కరు ఒక్కొక్క సాకు చెప్పుదురు. అమెరికాలో 1952 లో వచ్చిన "హై నూన్" అను చిత్రమునకు దీనికి గల పోలిక పలువురు గుర్తించినదే. కాని ఆ చిత్రములో ఒంటరియైనవాడు తుపాకి ధరించిన అధికారి. ఇక్కడ ఒంటరియైనవాడు ఏరు దాటించు పేదవాడు.

హార్టిగన్ కథ, కిష్టయ్య కథ రెండును ఒకే విత్తు నుండి మొలచినవి. నిజము పక్షమున నిలిచినవాడు ఒంటరి యగును. అయినను రెండు చిత్రములు చూపరి కంటిని రెండు చోట్ల నిలుపును. పాపనగరములో కన్ను దెబ్బ మీద నిలుచును. దెబ్బ యెంత సొగసుగా నున్నదో చూచును. "సాక్షి"లో కన్ను మూసిన తలుపుల మీద, భయపడిన మొగము మీద నిలుచును. నేరము చేసినవాడొకడు, దానికి ఊత మిచ్చినవారు తలుపులు మూసికొన్న వారందరు. ఈ మాట ఆ చిత్రమున ఎవరును ఉపన్యాసముగా చెప్పనక్కర లేదు, బొమ్మయే చెప్పును. చూచి యింటికి పోవు బాలుడు తనను తాను అడుగుకొను ప్రశ్న, "నేనెంతటి బలవంతుడను?" అనునది కాదు. "నా ప్రక్కింటివాడు తలుపు తట్టిన నేను తీయుదునా?" అనునది.

నేరచిత్రమును బిడ్డ చూచుచున్నప్పుడు తల్లిదండ్రులు పరీక్షింపవలసినది ఇదియే యని నా మనవి. నెత్తురెంత కలదని లెక్కించుట చాలదు. ఆ చిత్రము బిడ్డ కంటిని ఎక్కడ నిలుపుచున్నది? దెబ్బ తిన్నవాని మీదనా, కొట్టినవాని మీదనా?

ఇక ఆచరణ విషయము. మన దేశమున 1952 నాటి చట్టము ననుసరించి ప్రతి చిత్రమునకు ప్రదర్శనకు ముందు ధ్రువపత్ర మీయబడును. "యు" యనగా ఎల్లరు చూడవచ్చును. "ఎ" యనగా పదునెనిమిదేండ్లు నిండినవారికి మాత్రమే. ఈ రెండింటి నడుమ 1983 లో "యుఎ" ఏర్పడినది. పెద్దల మార్గదర్శనముతో చూడవలెనని దాని భావము. 2023 నాటి చట్ట సవరణ దానిని 7, 13, 16 ఏండ్ల వయసుల ననుసరించి మూడుగా విభజించినది. ఇంటర్నెట్టు ద్వారా చిత్రములు చూపు సంస్థలు కూడ వయసు గుర్తును చూపవలెనని, 13 ఏండ్లు మరియు ఆపై గుర్తు గలవానికి తల్లిదండ్రులు తాళము వేయు వీలు కల్పింపవలెనని 2021 నాటి నియమములు చెప్పుచున్నవి. ఈ తాళము మన ఫోనులో వేసియున్నదో లేదో నేడే చూచుకొనుట మంచిది. అయితే చిత్రములో నుండి తునకలుగా కోసి పంపుకొను దృశ్యములకు ఏ గుర్తును ఉండదు. పూర్వము సినిమాహాలు గుమ్మము కడ టికెట్టు చించువాడు పిల్లవానిని చూచి ఆపగలిగెడివాడు. ఫోనుకు గుమ్మము లేదు. ఆ గుమ్మము మనమే కావలెను.

గుమ్మమనగా గోడ కాదు. తెరచుటకును మూయుటకును వీలైనది. బాలుడు పెద్దల చిత్రమును చూచుచుండగా కంటపడినచో, ఫోను లాగుకొని తిట్టుటకు ముందు ప్రక్కన కూర్చుండి, ఆ కథ యేమిటో తెలుగులో చెప్పుమని యడుగుడు. చూచినదానిని తల్లిభాషలో మరల చెప్పుట తేలిక పని కాదు. చెప్పునప్పుడు వాడు ఆగును, మాటల కొరకు వెదకును; ఆ వెదకుటలోనే ఆలోచన మొదలగును. ఎవరికి నొప్పి కలిగినది, ఎవరు చూచి ఊరకుండిరి, నిజము చెప్పిన వానికేమైనది అని అడుగుడు. ఆ పైన, ఈ చిత్రము నీ వయసునకు కాదని కారణముతో చెప్పి ఆపివేయుడు. బొమ్మల కథలపై వానికి మక్కువ యున్నచో దానిని చంపవలదు. ఒక తెల్లకాగితము, నల్లసిరా ఇచ్చి, మన వీథిలో తాను చూచిన ఒక సంగతిని ఆరు గడులలో గీయుమనుడు. గడులలో ఏది చూపవలెనో ఏది విడువవలెనో తానే నిర్ణయింపవలసి వచ్చినప్పుడు, ఇతరులు గీసిన బొమ్మలలో ఏమి విడిచిరో వానికి తెలియును.

ఆ సాయంకాలము దృశ్యమునకు మరల వత్తము. "బొమ్మల పుస్తకము సినిమా" యని కుమారుడు చెప్పినప్పుడు తల్లి వంటయింటిలోనికి పోనక్కర లేదు. పొయ్యి మీది అన్నము దించి వచ్చి, "ఆ ఎర్రగుడ్డ కట్టిన ఆమె యెవరురా, ఆమెకేమైనది, నాకు చెప్పు" అని ప్రక్కన కూర్చుండినచో చాలును. ఆ ప్రశ్నకు వాడు జవాబు వెదకునప్పుడే వాని కన్ను ఎర్రని గుడ్డ మీది నుండి ఆ మనిషి మీదికి మరలును.